ముందు నూనె, ఆ తర్వాతే నీళ్లు

జిడ్డు మొహానికి మళ్లీ నూనె రాయడమేమిటి? జపాన్ వాళ్ల చర్మ సంరక్షణ గురించి విన్నప్పుడు మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. టోక్యో మందుల షాపుల్లో గోడ పొడవునా పేర్చి ఉండే సీసాలు, గొట్టాలు ఇప్పుడు ఫోన్లో ఆర్డరు పెడితే కాకినాడకీ కరీంనగర్‌కీ కూడా వస్తున్నాయి. చదువుకో ఉద్యోగానికో జపాన్ వెళ్లిన పిల్లలు సెలవుల్లో తెచ్చిపెట్టేవి వేరే. వచ్చినవాటి మీద ఉన్నదంతా జపాన్ లిపి. ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి, అసలివన్నీ కావాలా అన్నది చెప్పేవాళ్లు తక్కువ. వరస బట్టీ పట్టి లాభం లేదు. ఏ మెట్టు ఏ పని చేస్తుందో తెలిస్తే, మన మొహానికి ఏది కావాలో ఏది అక్కర్లేదో మనమే తేల్చుకోవచ్చు.

నూనెతోనే మొదలుపెడదాం. పనసకాయ కోసే ముందు కత్తిపీటకీ చేతులకీ నూనె పూసుకోవడం మనకు తెలిసిందే. పనస జిగురు నీళ్లకీ సబ్బుకీ లొంగదు, నూనెకు లొంగుతుంది. లిప్‌స్టిక్, కాటుక, చెమటకు చెదరని సన్‌స్క్రీన్ కూడా అలాంటివే. వాటిలోని మైనాలూ నూనెలూ నీళ్లలో కరగవు, సాటి నూనెలో కరుగుతాయి. అందుకే రాత్రి ఇంటికి చేరాక మొదటి మెట్టు క్లెన్సింగ్ ఆయిల్. పొడి చేతుల్లోకి తీసుకుని, పొడి మొహం మీద వేళ్లతో మెల్లగా తిప్పాలి. తడి తగిలితే దాని బలం ముందే పోతుంది. అర నిమిషం, మహా అయితే నిమిషం చాలు. ఆ తర్వాత వేళ్లు తడి చేసుకుని మళ్లీ రుద్దితే, అప్పటిదాకా తేటగా ఉన్న నూనె ఒక్కసారిగా తెల్లబడి పలచని పాలలా మారుతుంది. ఆ నూనెలో ముందే కలిపి ఉంచిన పదార్థం ఒక చివర నూనెనూ మరో చివర నీటినీ పట్టుకోవడం వల్ల జరిగే మార్పు అది. ఇక మీద గోరువెచ్చని నీళ్లు పోస్తే మేకప్, జిడ్డు, నూనె మూడూ కలిసి జారిపోతాయి. మనం తలకు పెట్టుకునే కొబ్బరినూనెతో ఇది జరగదు. దాన్ని వదిలించడానికి మళ్లీ సబ్బు కావాల్సిందే.

ఈ నూనెకు పేరు తెచ్చినవాడు షూ ఉయెమురా. 1928లో పుట్టిన ఈ మేకప్ కళాకారుడు హాలీవుడ్‌లో పనిచేశాడు. 1962లో వచ్చిన ‘మై గీషా’ సినిమాలో నటి షర్లీ మెక్లేన్‌ను జపాన్ గీషాలా కనిపించేలా తీర్చిదిద్దాడు. సినిమా మేకప్ ఎంత మందమో, దాన్ని రోజూ గీకి తీస్తే చర్మం ఏమవుతుందో దగ్గరుండి చూసినవాడు. జపాన్ తిరిగొచ్చాక 1967లో క్లెన్సింగ్ ఆయిల్‌ను బజారులోకి తెచ్చాడు. దాన్ని సామాన్యుల స్నానాల గదికి చేర్చినవాటిలో డీహెచ్‌సీ ఒకటి. 1972లో అనువాదాలు చేసిపెట్టే సంస్థగా మొదలై తర్వాత సౌందర్య సాధనాల్లోకి దిగిన కంపెనీ ఇది. ఆలివ్ నూనెతో చేసిన దాని క్లెన్సింగ్ ఆయిల్ 1995లో వచ్చింది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మేకప్ వేసుకోనివాళ్లకు, నీళ్లకు చెదరని సన్‌స్క్రీన్ రాసుకోనివాళ్లకు ఈ మెట్టు అక్కర్లేదు. కాలేజీకి వెళ్లే అమ్మాయి పౌడరు మాత్రమే అద్దుకుంటే, ఆమెకు ఆ సీసా దండగ.

రెండో మెట్టు నురగ. జపాన్‌లో ఫేస్ వాష్‌ను నేరుగా మొహానికి రాయరు. బొటనవేలి గోరంత క్రీము అరచేతిలో వేసుకుని, కాసిని నీళ్లు చిలకరించి, చిన్న నైలాన్ వలతో నలుపుతారు. క్షణాల్లో చెయ్యి తలకిందులు చేసినా జారనంత చిక్కటి నురగ వస్తుంది. చర్మాన్ని తాకాల్సింది నురగే గాని వేళ్లు కాదన్నది అక్కడి పద్ధతి. ఇందులో ఆర్భాటమేమీ లేదు. మన చర్మం పైపొర మందం మిల్లీమీటరులో 50వ వంతు, అంటే 0.02 మిల్లీమీటర్లు. ఒళ్లంతటినీ ఎండిపోకుండా కాపాడుతున్నది ఆ పలచటి పొరే. దానిలో చచ్చిన కణాల నడుమ సెరామైడ్లనే కొవ్వులు పరుచుకుని, నీటిని బయటికి పోనివ్వకుండా ఆపుతాయి. ఆ పొర ఉపరితలానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. మామూలు ఒంటి సబ్బుకు క్షార గుణం. గట్టిగా రుద్ది, మాటిమాటికీ సబ్బు పెట్టి కడిగేవాళ్లు మురికితో పాటు ఆ కొవ్వునూ పోగొట్టుకుంటారు. ‘మొహం బిగుతుగా అయింది, శుభ్రపడింది’ అని సంబరపడతారు గాని, ఆ బిగుతు చర్మం నీళ్లు పోగొట్టుకుంటోందని చెప్పే గుర్తు. తువాలుతో తుడిచేటప్పుడూ అద్దాలి తప్ప రుద్దకూడదు.

తర్వాతది జపాన్ పద్ధతికి గుండెకాయలాంటి మెట్టు, లోషన్. మనం లోషన్ అంటే తెల్లగా చిక్కగా ఉంటుందనుకుంటాం. జపాన్ సీసా తెరిచి వంచితే చేతిలో పడేది దాదాపు నీరే. కడిగిన వెంటనే, మొహం ఇంకా ఆరకముందే రాసేది అదే. దీని వెనక రెండు వందల ఏళ్లకు మించిన కథ ఉంది.

టోక్యోకు ఎడో అన్న పేరున్న రోజుల్లో, బహిరంగ స్నానశాలలకు వెళ్లే ఆడవాళ్లు వెంట ఒక చిన్న గుడ్డ సంచి పట్టుకెళ్లేవారు. దాని నిండా వరి తవుడు. నీళ్లలో నానబెట్టి పిండితే తెల్లని పాలు వస్తాయి. ఆ సంచితోనే మొహం, ఒళ్లు తోముకునేవారు. వరి పండే మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో తవుడు గొడ్లకూ నూనె మిల్లులకూ వెళ్తుంటే, మనవాళ్లు ఒంటికి శనగపిండి, పెసరపిండితో నలుగు పెట్టుకున్నారు. ఎవరి చేతికి అందింది వాళ్లు వాడుకున్నారు. ఇక రాయడానికి నేతిబీర నీరు. శరదృతువులో, కాపు అయిపోతున్న పాదును నేలకు కాస్త పైన కోసి, వేరు వైపున్న తీగ కొసను వంచి సీసా మూతిలోకి దూర్చేవారు. వేరు పైకి తోడే నీరు చుక్కచుక్కగా రాత్రంతా సీసాలో పడేది. దాన్ని మొహానికి రాసుకునేవారు, దగ్గుకూ కఫానికీ తాగేవారు. క్షయతో మంచం పట్టి 1902లో కన్నుమూసిన హైకూ కవి మసవొక షికి చివరి కవితల్లో ఈ నేతిబీర ఉంది. ఆయన వర్ధంతిని నేటికీ ఆ తీగ పేరుతోనే జరుపుకుంటారు.

1813లో ముద్రణకొచ్చిన ‘మియాకో ఫూజోకు కెవాయిదెన్’ అన్న పుస్తకం ఈ గృహవైద్యాలన్నిటినీ ఒకచోట చేర్చింది. అడవి గులాబీ పూలను మూడంతస్తుల పింగాణీ బట్టీలో పెట్టి ఆవిరి పట్టి, పన్నీరు లాంటి నీటిని దించడం ఎలాగో అందులో ఉంది. పుస్తకం వంద ఏళ్ల పాటు మళ్లీమళ్లీ అచ్చవుతూ వచ్చింది. అదే కాలంలో షికితెయ్ సంబ అనే హాస్య రచయిత ఎడోలో దుకాణం పెట్టి ‘ఎడో నీళ్లు’ అన్న పేరుతో మొహానికి రాసే ద్రవం అమ్మాడు. స్నానశాలల్లో జనం మాటల మీద ఆయన రాసిన నవల జపాన్ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచింది. సొంత రచనల్లోనే ఆ నీళ్లకు ప్రచారం చేసుకున్నాడు కూడా.

ఈ ఇంటి నీళ్లు ఫ్యాక్టరీ సీసాలోకి ఎక్కింది షిసేడోతో. నౌకాదళంలో ఔషధ నిపుణుడిగా పనిచేసిన ఫుకుహర అరినొబు 1872లో టోక్యో గింజా వీధిలో పాశ్చాత్య పద్ధతి మందుల షాపు తెరిచాడు. 1897లో ఆ షాపు నుంచి యూడెర్మిన్ అనే ఎర్రని లోషన్ వచ్చింది. దాని తయారీ సూత్రం నగాయి నగయొషిది. ఉబ్బసానికి వాడిన ఎఫెడ్రిన్‌ను మొక్క నుంచి వేరుచేసిన రసాయన శాస్త్రవేత్త ఆయనే. జనం ఆ లోషన్‌ను షిసేడో వారి ఎర్ర నీళ్లు అని పిలుచుకున్నారు. ఆ రోజుల్లో మొహానికి పూసే తెల్లపొడిలో సీసం ఉండేది. 1887లో మెయిజీ చక్రవర్తి ముందు ఆడుతున్న కబుకీ నాటకాల నటుడు నకముర ఫుకుసుకెకు కాళ్లు వణికిపోయాయి. ఏళ్ల తరబడి పూసుకున్న సీసమే కారణమని తేలడంతో దేశమంతా ఉలిక్కిపడింది. చర్మానికి పూసేదాంట్లో ఏముందో ఔషధ శాస్త్రం తెలిసినవాళ్లు చూడాలన్న పట్టుదల అప్పటి నుంచి బలపడింది. యూడెర్మిన్ పేరుతో లోషన్ నేటికీ అమ్ముడవుతోంది.

మరి ఈ నీటి లోషన్ నిజంగా చేసే పనేమిటి? వట్టి నీళ్లు రాస్తే నిమిషాల్లో ఆవిరైపోతాయి. అందుకే ఇందులో నీటిని పట్టి ఉంచే గ్లిజరిన్, హయలురోనిక్ ఆమ్లం లాంటివి కలుపుతారు. 1934లో ఆవు కంటి లోపలి జిగురు ద్రవంలో కనుగొన్న పదార్థం ఈ హయలురోనిక్ ఆమ్లం. తర్వాత చాలాకాలం కోడిపుంజు తలమీది ఎర్రని తురాయి నుంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారుచేస్తున్నారు. రోహ్‌టో కంపెనీ 2004లో తెచ్చిన హడా లాబో లోషన్ ఈ ఆమ్లం మీదే నిలబడింది. సాదా సీసాలో వస్తుంది, సీసా అయిపోతే తిరిగి నింపుకునే ప్యాకెట్ దొరుకుతుంది. ఖరీదు తక్కువ కాబట్టి ధారాళంగా పోసుకోవచ్చు. ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. ఈ ఆమ్లపు పెద్ద అణువులు చర్మం లోతుకు దిగవు, పైపొర మీదే ఉండి దాన్ని తేమగా మెత్తగా ఉంచుతాయి. ముడతలు చెరిపేస్తాయని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు.

ఎంత పోసుకోవాలంటే జపాన్‌లో 500 యెన్‌ల నాణెమంత అంటారు. మన పది రూపాయల బిళ్ల దాదాపు అంతే ఉంటుంది. అరచేతుల్లో పరుచుకుని మొహాన్ని రెండు చేతులతో కప్పి, నొక్కి ఉంచుతారు. తట్టరు, కొట్టరు. చెంపలు చల్లబడి అరచేతికి అంటుకున్నట్టు అనిపించేదాకా రెండు మూడు సార్లు ఇలా చేస్తారు. 2000 తర్వాతి ఏళ్లలో సయెకి చిజు అనే సౌందర్య నిపుణురాలు దీన్నే మరో అడుగు ముందుకు తీసుకెళ్లింది. దూది పలకను నీళ్లలో ముంచి పిండి, దాని మీద కొంచెం లోషన్ పోసి, పొరలు పొరలుగా విడదీసి నుదుటికీ చెంపలకూ గడ్డానికీ మూడు నిమిషాలు అంటించమంది. ముందు నీళ్లతో తడపడం వల్ల లోషన్ తక్కువ పడుతుంది. దూది ఆరేదాకా ఉంచితే మాత్రం చర్మంలోని తేమ కూడా దానితోనే పోతుంది కాబట్టి మూడు నిమిషాలకు తీసేయాల్సిందే. ఖరీదైన సాధనాలు అమ్మే సంస్థల్లో ఏళ్ల తరబడి పనిచేసి, పదవీ విరమణ చేశాక సాధనాల కంటే చేతులను నమ్ముకోమని చెప్పిన మనిషి ఆమె. 2020లో మరణించింది.

లోషన్ తర్వాతి మెట్టు సీరం. దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మచ్చలో, మొటిమలో, ముడతలో, ఏదో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటేనే దానితో పని. తర్వాత వచ్చేది పాలలాంటి ఎమల్షన్, ఇంకా పొడి చర్మమైతే క్రీము. లోషన్ ఇచ్చిన నీటిని ఇవి నూనె పొరతో కప్పి ఉంచుతాయి. లోషన్ రాసి ఊరుకునేవాళ్లకు గంటకే మొహం మళ్లీ పొడిబారేది ఈ మెట్టు మానేయడం వల్లే. ఈ వరస రాతి మీద చెక్కిందేమీ కాదనడానికి ఆల్బియాన్ కంపెనీయే సాక్ష్యం. 1956లో పుట్టిన ఆ కంపెనీ ముందు ఎమల్షన్, తర్వాత లోషన్ రాయమంటుంది. చర్మాన్ని ముందు నూనెతో మెత్తబరిస్తే నీరు బాగా పడుతుందని దాని వాదన. ఆ పద్ధతిని పాటించేవాళ్లు జపాన్‌లో బోలెడుమంది ఉన్నారు.

ఇక తెలుగు శ్రోతలకు తప్పక చెప్పాల్సిన విషయం తెలుపు సంగతి. జపాన్ సీసాల మీద మొహాన్ని తెల్లగా చేసే సాధనాలన్న మాట కనపడగానే ఇక్కడ కొందరు ఎగబడి కొంటారు. జపాన్ చట్టం అలాంటి సాధనాలకు ఇచ్చిన అనుమతి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని తగ్గించి మచ్చలు రాకుండా చూడడం వరకే. పుట్టుకతో వచ్చిన రంగును మార్చడం అందులో లేదు. వాటిలో కలిపే పదార్థాల్లో బాగా తెలిసింది ట్రానెక్సామిక్ ఆమ్లం. ఒకమొతొ ఉతకొ అనే శాస్త్రవేత్త, ఆమె భర్త కలిసి రక్తస్రావాన్ని ఆపే మందుగా 1962లో దీన్ని లోకానికి అందించారు. కాన్పులో రక్తం పోతున్న తల్లులను ఇది నేటికీ కాపాడుతోంది. దద్దుర్లకని ఇచ్చినప్పుడు మంగు మచ్చలు తగ్గడం 1979లో జపాన్‌లో గమనించారు. అక్కడి నుంచి అది సీరాల్లోకి వచ్చింది. మంగు మచ్చలకు అది పనికొస్తుంది. చామనచాయ అమ్మాయిని తెల్లగా మార్చడానికి పనికిరాదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

ఈ తెలుపు మోజు ఎక్కడిదాకా తీసుకెళ్తుందో కనెబో ఉదంతం చూపించింది. 2008లో అనుమతి పొందిన రోడోడెనాల్ అనే పదార్థాన్ని కలిపి ఆ కంపెనీ మచ్చల క్రీములు, లోషన్లు అమ్మింది. కొందరి చర్మంలో ఆ పదార్థం రంగునిచ్చే కణాలనే చంపేసింది. మొహం, మెడ, చేతుల మీద సున్నం చల్లినట్టు తెల్లని మచ్చలు లేచాయి. 2013 జులైలో కంపెనీ 54 రకాల సాధనాలను వెనక్కి తీసుకుంది. బాధితులు 19 వేలకు మించారు. నియమాలు అంత గట్టిగా ఉన్న దేశంలో, అనుమతి ఉన్న సరుకుతో జరిగిందిది. కనెబోకు మాతృసంస్థ అయిన కావో 2021లో, కొత్త సాధనాల మీద తెలుపన్న మాటే వాడబోమని ప్రకటించింది. పేరూ ఊరూ లేని డబ్బాల్లో బ్యూటీపార్లర్లకు చేరే తెల్లదనపు క్రీములు మొహానికి పట్టిస్తున్నవాళ్లు ఈ సంగతి వినాలి.

పగటి పూట చివరి మెట్టు సన్‌స్క్రీన్. ఒక్క మెట్టే పాటించగలమనేవాళ్లు దీన్నే పాటించాలి. మచ్చలకూ ముడతలకూ పెద్ద కారణం ఎండే. సీసా మీద ఎస్‌పీఎఫ్ అంకె చర్మాన్ని కమిలించే కిరణాల నుంచి రక్షణను చెబుతుంది. పక్కనే పీఏ అని, దాని తర్వాత కూడిక గుర్తులు ఉంటాయి. మచ్చలూ ముడతలూ తెచ్చే కిరణాలకు కొలత అది. 1996లో జపాన్ సౌందర్య సాధనాల పరిశ్రమ పెట్టుకున్న ఈ కొలత ఇప్పుడు ఆసియా అంతటా కనిపిస్తుంది. మొదట మూడు కూడికలే ఉండేవి, 2013లో నాలుగోది చేరింది. ఈ అంకెలన్నీ చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మందంగా రాసి పరీక్షించినవి. బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా సర్దితే ఆ రక్షణ దొరకదు. చూపుడువేలు, మధ్యవేలు, రెండిటి పొడవునా గీతలా తీసుకుంటే మొహానికీ మెడకూ సరిపోతుంది. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్నవి మన రంగు మీద బూడిద పూసినట్టు కనపడతాయి. నీళ్లలా జారే జెల్ రకాలు ఆ ఇబ్బంది పెట్టవు. టోక్యో భూమధ్యరేఖకు చాలా ఉత్తరాన, 35 డిగ్రీలు దాటాక ఉంది. విజయవాడ 16 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం కూడా మన ఎండ చర్మానికి రక్షణ అవసరమయ్యేంత తీవ్రంగా ఉంటుంది. కాబట్టి చలికాలంలో మానేయడం మనకు కుదరదు. పొలంలోనో బండి మీదో ఉండేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. టోపీ, పైట కొంగు, గొడుగు కూడా సాయం తీసుకోవాలి.

టోక్యో చలికాలం పొడిగాలులది. ఈ పొరల పద్ధతి ఆ గాలిలో పెరిగింది. కోస్తాలో మే నెల ఉక్కకు ఏడు పొరలు రాస్తే చెమటపొక్కులు, మొటిమలు తప్పవు. ఆ రోజుల్లో నురగతో కడిగి, లోషన్ ఒక్కసారి రాసి, సన్‌స్క్రీన్ పూసుకుంటే చాలు. క్రీము ఆదిలాబాద్ డిసెంబరుకో, రోజంతా ఏసీలో కూర్చునే ఉద్యోగానికో దాచుకోవచ్చు. కొత్తది ఏది కొన్నా మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూశాకే మొహానికి రాయాలి. ఒకేసారి నాలుగు కొత్తవి మొదలుపెడితే, దురద పుట్టినప్పుడు దేనివల్లో తెలియదు. దురద, మంట, కొత్త మచ్చ ఏది కనపడినా వాడకం ఆపి చర్మవైద్యులకు చూపించాలి.

జపాన్ నుంచి నేరుగా తెచ్చిన సీసా మీద గడువు తేదీ వెతికితే చాలాసార్లు దొరకదు. మూడేళ్లకు పైగా చెడకుండా ఉండే సాధనాల మీద తేదీ వేయనక్కర్లేదని అక్కడి చట్టం. ఆ మూడేళ్లూ మూత తీయని సీసాకే వర్తిస్తాయి. మూత తీసిన రోజు సీసా అడుగున పెన్నుతో రాసుకుంటే మంచిది. రంగో వాసనో మారితే పారేయాలి. ఇక్కడ కొనేటట్లయితే, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతి చేసినవారి చిరునామా, గడువు తేదీ ఉన్న స్టిక్కరు ఉందో లేదో చూసి తీసుకోవాలి. అది లేని సీసా ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు.